వాగ్దానాల డబ్బాలో నా చేతిరాత

నా చిన్నప్పుడు అని నేను నోరు తెరవగానే మా ఇంట్లోవాళ్ళు వచ్చినవాళ్ళను పక్కకు పిలిచి, ఈయన చెప్పేదాంట్లో మూడొంతులు తీసేసి వినండని హెచ్చరిస్తారు. నిజమే. పావుశేరును పుట్టెడు చేసి చెప్పడం నా జబ్బు. కనుక ముందే ఒప్పేసుకుంటున్నాను, ఇందులోనూ పెంచినవి ఉంటాయి. శుద్ధంగా కల్పించిందేదో చివర్లో నేనే చెబుతాను.

అప్పుడు మేము అమీర్‌పేటలో ఒక సందులో ఉండేవాళ్ళం. సందు ఎంత ఇరుకంటే, ఎదురింటి పోపుకు మా ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. ఊరంతా కంప్యూటరు నేర్చుకుంటున్న రోజులు. పొద్దున లేచేసరికి ప్రతి గోడ మీదా కొత్త కాగితం ఉండేది. ముప్పై రోజుల్లో ఇది నేర్పుతాం, నలభై రోజుల్లో అది నేర్పుతాం, ఉద్యోగం గ్యారంటీ. అంటించే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. గోడలే తమంతట తాము రాసుకుంటాయని గట్టిగా నమ్మేవాణ్ణి.

మా నాయనమ్మ దగ్గర రొట్టె ఆకారంలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉండేది. దాని నిండా బైబిల్ వాక్యాల చీటీలు. పొద్దున ప్రార్థన అయ్యాక కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. అందులో ఏముంటే అదే ఆ రోజుకి దేవుడు మనకిచ్చిన వాగ్దానం. ఆ డబ్బాలో తిట్టు ఉండదు, బెదిరింపు ఉండదు. భయపడకు, తోడున్నాను, నిన్ను విడువను, అన్నీ ఇలాంటివే. చీటీలు అరిగిపోతే కొత్తవి రాసి పెట్టేది. కళ్ళు మసకబారాక ఆ పని నాకు అప్పజెప్పింది. ఆమె చెప్పేది, నేను రాసేవాణ్ణి. కాగితం కోసం వెతుక్కునే పనే లేదు. వీధిలో పంచే కోర్సుల కాగితాలను వెనక్కి తిప్పితే తెల్లగా ఉండేవి.

మా డాబా మీది రేకుల గదిలో సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు. నేతపనివాళ్ళ అబ్బాయి. కోర్సు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. నాకు తెలిసి నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి, నేను చెప్పేటప్పుడు నలభై అంటాను. ఇంటర్వ్యూ ఉన్న ప్రతి పొద్దునా మా గుమ్మంలో నిలబడేవాడు.

"నాయనమ్మా, నేను మీ చర్చి పిలగాన్ని కాదు. మీ దేవుడు నాకు సుత చిట్టీ ఇస్తడా?"

"ఆయన అడ్రసు ప్రూఫులు అడగడు బాబూ. తియ్యి."

తీసేవాడు, చదివి కళ్ళకద్దుకునేవాడు. పెనం మీది మొదటి దోసె ఆయనకే. అదీ నా కడుపుమంట. పైగా కంప్యూటరు చూపిస్తానని నాకిచ్చిన మాటను ఆర్నెల్లుగా రేపటికి తోస్తున్నాడు.

ఒకసారి నాయనమ్మ మాకు బైబిల్లోని ఒక రాజు కథ చెప్పింది. విందు మధ్యలో గోడ మీద ఒక చెయ్యి ప్రత్యక్షమై రాసిందట, నిన్ను తూచితే తక్కువ తూగావని. రాజు మొహం పాలిపోయింది, మోకాళ్ళు కొట్టుకున్నాయి. నాకు ఆ చెయ్యి నచ్చింది. అన్న మాత్రం తక్కెడ దగ్గరే ఆగిపోయాడు.

"మా కాడ నూలు తూచి ఇస్తరు, నేసినంక బట్ట తూచి తీస్కుంటరు. ఒకపాలి జర తక్కువ తూగిందని మా బాపును నలుగుట్ల దొంగన్నరు. ఆ దినం సంది బాపు మగ్గం మీద కూసోలే."

నేను విన్నాను. నా కళ్ళు ఆయన దోసె మీద ఉన్నాయి, చెవులు మాత్రం విన్నాయి.

బేగంపేటలో అయిదో ఇంటర్వ్యూకు ముందురోజు సాయంత్రం, ఒక పసుపుపచ్చ కాగితం వెనక చక్కటి గుండ్రని అక్షరాలతో రాశాను: నిన్ను తూచాను, తక్కువ తూగావు. రాజు మొహంలా అన్న మొహం పాలిపోతే చూడాలనిపించింది, అంతే. పొద్దున ఆయన పిలుపు వినగానే దాన్ని డబ్బాలో అన్నిటికన్నా పైన పెట్టాను.

అన్న తీశాడు. నాయనమ్మకు వినిపించేలా చదివాడు. మోకాళ్ళు కొట్టుకోలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, దోసె ముట్టకుండా పైకి వెళ్ళిపోయాడు. నాయనమ్మ నా వైపు చూసింది. మోకాళ్ళ నొప్పులతో ఆరేళ్ళుగా మెట్టెక్కని మనిషి, నా భుజం పట్టుకుని ఆ తొంభై మెట్లూ ఎక్కింది. అన్న దగ్గర చీటీ అడిగి తీసుకుంది. "ఇది నాది బాబూ. పొరపాటున నువ్వు తీశావు" అని డబ్బా ముందు పెట్టింది. రెండోసారి భయపడకు అనే చీటీ వచ్చింది. ఇక చూడండి, పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నళ్ళన్నీ ఆయన కోసం పచ్చగా వెలిగాయి. అయిదు కంపెనీలు ఆయన కోసం కొట్టుకున్నాయి. సాయంత్రం కొబ్బరికాయలంత లడ్డూలు వచ్చాయి.

మర్నాటి నుంచి నాయనమ్మ డబ్బాలో చెయ్యి పెట్టలేదు. నేను రాసిన చీటీనే బైబిల్లో ఉంచుకుని ప్రతి పొద్దునా నా చేత చదివించుకునేది, తర్వాత ప్రార్థించేది.

"ఇది నాది ప్రభువా. ఆ అబ్బాయిది కాదు, వీడిదీ కాదు."

నా అక్షరాలే, దేవుడి మాటలా నా నోటనే పలికేవి. వినేటప్పుడు ఆమె తల వంచేది. బడికి వెళుతుంటే ప్రతి గోడ మీదా ఒక చెయ్యి కనిపించేది. పరీక్షగా చూస్తే చూపుడు వేలికి ఇంకు మరక. అది నా చెయ్యే.

సరే, ఒప్పుకుంటానన్నాను కదా. మెట్లు ముప్పై ఆరే. అది పెంచింది. కల్పించింది ఒక్కటే. నాయనమ్మ లేచి, మేము పైకెక్కేసరికి గంట దాటింది, గదిలో ఎవరూ లేరు. తాళంచెవి తలుపుకే ఉంది, ఇస్త్రీ చేసిన ఇంటర్వ్యూ చొక్కా మంచం మీద ఉంది, దాని మీద చీటీ ఉంది. నాయనమ్మ మంచం మీద కూర్చుని, ఇది నాది బాబూ అని ఆ చొక్కాతో చెప్పింది. నాన్న బస్టాండంతా వెతికి వచ్చాడు. సిరిసిల్లకు రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. లడ్డూలు లేవు.

నాయనమ్మ పోయి చాలాకాలమైంది. చీటీ నా దగ్గరే ఉంది. వెనకవైపు "ఉద్యోగం గ్యారం" వరకే ఉంది, మిగతాది నా కత్తెరకు పోయింది. ప్రతిదాన్నీ ఎందుకు పెంచి చెబుతానో నాకు తెలుసు, ఎక్కడ తక్కువ తూగుతానోనని. ఈ చీటీకి మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం కలపలేకపోయాను. పొద్దున్నే దాన్ని విప్పి చదువుతాను. తర్వాత ఆమె ప్రార్థనే నేనూ చేస్తాను, కొంచెం సరిచేసి.

ఇది నాది ప్రభువా. ఆవిడది కాదు.