రాసి రాసి అరిగిపోయిన ఎస్సెస్డీ

దొంగల కోసం నేను పెట్టిన డిస్కే నన్ను పట్టిచ్చింది మామా. నవ్వబాకండి, ముందు వినండి.

ఇంజనీరింగ్ సెకండియర్‌లో ఆపేసినాక సుధాకరన్న రొయ్యల గుంటల కాడ చేరినా కదా. చిల్లకూరు దాటి సముద్రం వైపు పోతే ఎనిమిది గుంటలు, ఎనిమిది కెమెరాలు. రికార్డింగ్ అంతా షెడ్డులో కంప్యూటర్‌లోకి పోతాది. పోయినేడు ఉప్పు గాలికి హార్డ్ డిస్క్ పోయింది.

"ఈసారి దాని బదులు ఎస్సెస్డీ అని కొత్త రకం డిస్క్ ఏద్దామన్నా," అన్నా. "దాంట్లో తిరిగేది ఏమీ ఉండదు. తిరగనిది అరగదు. లైఫ్ లాంగ్!"

"నిజమా అబ్బయా?"

"అన్నా, నేను కంప్యూటర్ సైన్స్."

సగమే అని చెప్పలా.

షాపులో ఉన్న వాటిల్లో చిన్నది, చీప్‌ది తెచ్చి బిగిచ్చినా. నిండగానే పాతది చెరిపి కొత్తది రాసుకుంటాది. రేయింబవళ్ళు అదే పని. ఏం రాస్తాది? నీళ్ళు, కొంగలు. ఏడాది పొడుగూతా కొంగల్ని రాసింది పాపం.

పోయిన సోమవారం మూడో గుంటలో ఏరియేటర్ మోటారు మాయం! నీళ్ళకు గాలి కొట్టేది అదే, అది ఆగితే రొయ్యలు చచ్చి తేలతాయి. సుధాకరన్న ఫోన్ చేసి, "వేరే మోటారు తెస్తన్నా. నేనొచ్చేలోపు వీడియో తీసి పెట్టు," అన్నాడు.

తీసినా. చివరి రికార్డింగ్ ఇరవై రోజుల కిందటిది! ఇన్నాళ్ళూ ఎవురూ చూడలా. చూడాల్సింది నేనే అనుకోండి. ఫోన్‌లో వెతికితే అప్పుడు తెలిసింది. ఎస్సెస్డీ తిరిగి అరగదు, రాసి అరుగుతాదంట! లోపల ఒక్కో గడిలో ఇన్నిసార్లే రాయాలని లెక్కంట. ఆ లెక్క అయిపోతే కొన్ని డిస్కులు ఉన్నది చూపిస్తాయి, కొత్తది రాయనీవు. థర్డియర్ సిలబస్ అయ్యుంటాది.

సరే, ఆఖరున ఏం రాసిందో చూద్దామని నొక్కినా. ఎవుడో బనీను మీద ఉన్నాడు. మేత ట్రే పైకి లాగి, పెద్ద పెద్ద రొయ్యలు ఏరి కవర్లో వేసుకుంటన్నాడు. దొరికినావురా అనుకున్నా. వాడు మొహం ఇటు తిప్పినాడు.

నేనే! ఆ ఆదివారం మా ఇంట్లో వేపుడు.

డిలీట్ కొట్టినా. పోయింది. హమ్మయ్య! ఎందుకైనా మంచిదని రీస్టార్ట్ చేసినా. మళ్ళీ వచ్చింది. మళ్ళీ డిలీట్, మళ్ళీ రీస్టార్ట్, మళ్ళీ బనీను. ఫార్మాట్ కొట్టినా. కదల్లా! చెరపాలన్నా దాని మీద రాయాల్సిందేనంట. అది ఇంక రాసే స్టేజిలో లేదు.

కేబుల్ పీకేద్దామని వంగేసరికి బయట బండి ఆగింది.

"దొరికినాడా?"

"అన్నా... డిస్క్ పోయిందన్నా."

"మరి స్క్రీన్ మీద ఆడతన్నదేంది?"

స్టూలు లాక్కొని, నేను కవరు ముడేసే దాకా మొత్తం చూసినాడు.

"పెద్దవే ఏరినావే."

"అర కిలో కూడా ఉండవన్నా..."

"నీళ్ళల్లో రొయ్య సైజు కనిపెట్టే కళ్ళు నీకుండగా, నాకు కెమెరాలెందుకబ్బయా?"

మోటారు ఎత్తుకుపోయినోడు ఇంకా దొరకలా. నేను మాత్రం నాలుగు రోజులుగా గట్టు మీద గొడుగేసుకుని ఎనిమిది గుంటలూ కాస్తన్నా. డిస్కుని షాపోడు వెనక్కి తీసుకోలా, రాసి అరగదీస్తే వారంటీ రాదంట. నన్ను మా అమ్మ ఇంట్లోకి రానీలా, తిన్నవి దొంగ రొయ్యలని తెలిసినాక. ఇప్పుడు అదీ నేనూ ఆ షెడ్డులోనే ఉంటన్నాం.