దేవి నడిచిన ఇరవై అయిదు నిమిషాలు

కైకలూరు దగ్గర చేపపిల్లల చెరువుల మీద ఒకప్పుడు దేవి లెక్కంటే తిరుగు లేదు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, చిల్లుల గిన్నెతో చేపపిల్లని తోడి లెక్కపెట్టి పోస్తూ, పక్కవాళ్ళతో కబుర్లాడుతూనే ఎక్కడా తప్పేది కాదు. కొనడానికి వచ్చినవాళ్ళు మళ్ళీ లెక్కపెట్టించుకునేవారు కాదు. అలాంటి మనిషి మూడేళ్ళ కిందట వారం రోజులు జ్వరపడి లేచింది. లేచిందనే అన్నారు అందరూ. జ్వరం పోయింది గానీ బలం తిరిగి రాలేదు. తల దువ్వుకుంటే చెయ్యి వాలిపోయేది. రాత్రంతా పడుకున్నా పడుకోనట్టే ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో మాట దొరక్క ఆగిపోయేది.

పరీక్షలన్నీ చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ బాగుండటమే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. కాగితంలో లేని జబ్బు ఇంట్లో మాత్రం ఎందుకుంటుంది? అత్తగారు సావిత్రి పీట మీద కూర్చుని బీరకాయలు చెక్కుతూ, కోడలికి వినపడేలా, "మా రోజుల్లో ఈ జబ్బు లేదమ్మా. దీనికి తీరిక కావాలి కదా" అనేది.

చివరికి ఏలూరులో ఒక డాక్టరు దారి చూపించాడు. పడుకుని పడుకుని కండ పని మరిచిపోయిందనీ, వారానికి రెండుసార్లు నడిపించమనీ, మొదట అయిదు నిమిషాలు, ఆ పైన వారానికో అయిదు పెంచుకుంటూ పొమ్మనీ, అలసటగా ఉందన్నా ఆపొద్దనీ చెప్పాడు.

ఈ మాట దేవి భర్త శివాజీకి ఎక్కినంతగా మరేదీ ఎక్కలేదు. అతను చేసే పనే అది మరి. లారీ ఎక్కే చేపపిల్లని నాలుగు రోజుల ముందునుంచే రాటుదేలుస్తారు. రోజూ వల లాగి, పిల్లనంతా ఓ మూలకి ఇరుకున చేర్చి, కాసేపు ఉంచి వదులుతారు. మొదటి రోజు వెల్లకిలా పడిన పిల్ల నాలుగో రోజుకి తట్టుకుంటుంది. అలా చెయ్యకుండా ఎక్కిస్తే దారిలోనే పోతుంది. ఇరవై ఏళ్ళుగా చేతికొచ్చిన విద్య. భార్య కూడా అలాగే గట్టిపడుతుందని నమ్మాడు. నిజానికి ప్రేమతోనే నమ్మాడు.

లారీ లేని సోమవారం, గురువారం చెరువు గట్టు మీద నడక. అతను ఫోనులో నిమిషాలు చూసుకుంటూ ముందు, ఆమె వెనక. నడిచిన రోజు దేవి బాగానే ఉండేది. మర్నాడూ ఫర్వాలేదు. ఆ మర్నాడు మంచం దిగలేకపోయేది. ఆ బుధ, శనివారాలు శివాజీ తెల్లారకముందే లారీతో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. అందువల్ల అతను చూసినదల్లా నడిచే దేవినే.

శనివారాలు చూసింది కూతురు ఉషశ్రీ. తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదువుతూ వారం వారం ఇంటికి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ తల్లి గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. ఒక మంగళవారం కాలేజీ మానేసి, పట్టుబట్టి తల్లిని గూడెంలో శేషగిరిరావు అనే పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నడిచినప్పుడు ఎలా ఉందని అడగలేదు. నడిచిన మూడోనాడు ఎలా ఉంటుందమ్మా అని అడిగాడు. మూడేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. దేవికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన ఏదీ దాచలేదు. ఇది దీర్ఘకాలిక అలసట జబ్బులా ఉందనీ, తేల్చే రక్తపరీక్ష గానీ నయం చేసే మందు గానీ ఇంకా లేవనీ చెప్పాడు. నడక పెంచితే మేలని ఇంగ్లండులో ఓ పెద్ద పరిశోధన తేల్చిందట. అది సరిగ్గా జరగలేదని రోగులూ కొందరు శాస్త్రవేత్తలూ ఏళ్ళ తరబడి పోట్లాడారట. 2021లో అక్కడి మార్గదర్శకంలోంచి ఆ సలహా తీసేశారట. తీసేయడం తప్పనే డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారట. "ఏలూరాయన తెలియక చెప్పింది కాదమ్మా. పదేళ్ళు నేనూ అదే చెప్పాను. ఇప్పుడు చెప్పను" అన్నాడు. అలుపు రాకముందే ఆగమన్నాడు. పడిన ప్రతిసారీ లేవడం కష్టమవుతుందని, కొందరు ముందున్న చోటికి మళ్ళీ రాలేరని కూడా హెచ్చరించాడు.

ఇంటికొచ్చి చెబితే శివాజీ మండిపడ్డాడు. డాక్టర్లే తేల్చుకోలేనిది నీ కూతురు తేల్చిందా అన్నాడు. ఇన్నాళ్ళు పెంచుకుంటూ వచ్చి, ఎల్లుండి ఇరవై అయిదు నిమిషాలనగా ఆపేస్తే చేసిందంతా వృథా కాదా అన్నాడు. దేవి చాలాసేపు విని, మెల్లగా అడిగింది.

"తెల్లారేసరికి నీళ్ళలో గాలి చాలక చేపలు తల తేల్చి నోళ్ళు తెరుస్తుంటే, ఆ రోజు ఆ చెరువులో వల దించుతారాండీ?"

"ఎవడు దించుతాడు? మేత కూడా వెయ్యం. కానీ చేప తల తేలిస్తే కనపడుద్దే. నీది నాకు కనపడట్లేదు కదా."

"కనపడే రోజున మీరు ఇంట్లో ఉండట్లేదండి."

అతను లేచి వెళ్ళబోయాడు. దేవే అంది: "గురువారం నడుస్తాను. పూర్తిగా నడుస్తాను. మీరు చూడాల్సింది గురువారం కాదండీ. శనివారం. ఆ ఒక్క రోజు ఇంట్లో ఉండండి."

గురువారం ఇరవై అయిదు నిమిషాలు నడిచింది. శుక్రవారం లేచి చారు కాచింది. "చూశావురా, నీ పెళ్ళానికి నడకే మందు. ఆ గూడెం డాక్టరు పడుకోబెట్టేసేవాడు" అంది సావిత్రి. శివాజీ నవ్వాడు. అయినా మాట ప్రకారం లారీ యజమాని వెంకట్రాజుకి రేపు రానని చెప్పాడు.

శనివారం పొద్దున ఆరింటికి దేవి లేచి కూర్చుంది. శివాజీ గుమ్మంలో కూర్చుని చూస్తున్నాడు. ఏడయింది. ఏమీ లేదు. పనికి వెళ్ళిపోయినా సరిపోయేది అనుకున్నాడు. ఎనిమిదింటికి ఆమె మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయింది. వేళ్ళు గ్లాసును చుట్టుకున్నాయి గానీ చెయ్యి పైకి లేవలేదు. మళ్ళీ ప్రయత్నించింది. తర్వాత పక్కకి ఒరిగిపోయింది. అతను పరుగున వెళ్ళి లేపబోతే, ముట్టుకున్నచోటల్లా నొప్పని సైగ చేసింది. వెలుతురికి కళ్ళు తెరవలేకపోయింది. వంటింట్లో గరిటె పడితే ఒళ్ళంతా ఉలిక్కిపడింది. వెంకట్రాజు ఫోను మోగుతూనే ఉంది, శివాజీ దాన్ని ఆపేశాడు. "మొన్న నడిచింది కదరా" అంటూ గుమ్మంలోకి వచ్చిన తల్లితో, "అమ్మా, గట్టిగా మాట్లాడకు" అన్నాడు.

ఇదివరకు పడితే మర్నాటికి తేరుకునేది. ఈసారి ఆదివారం లేవలేదు. సోమవారం లేవలేదు. వారం దాటింది. శేషగిరిరావు గారికి ఫోను చేస్తే, కదిలించొద్దు, ఎన్నాళ్ళని చెప్పలేను అన్నాడు. శివాజీ పనికి వెళ్ళడం మానేసి స్పూనుతో గంజి పట్టాడు.

పదకొండో రోజున అడిగాడు. "ఇలా అవుద్దని నీకు ముందే తెలుసా?"

మాట కూడదీసుకోవడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. "ఇంతని తెలీదు. పడతానని తెలుసండి."

"తెలిసి ఎందుకు నడిచేవే?"

"మూడేళ్ళు చెప్పేనండి." ఊపిరి తీసుకుంది. "చూస్తే గానీ నమ్మరనిపించింది."

అతను ఏదో అనబోయాడు. ఆమె కళ్ళు మూసుకునే, కాసేపు ఏమీ మాట్లాడవద్దనీ, ఆ కిటికీ వెయ్యమనీ అంది. శివాజీ లేచి చప్పుడు కాకుండా కిటికీ వేసి, తిరిగి వచ్చి కింద కూర్చున్నాడు.