ఎల్లారెడ్డికి చేరని మాటలు

కామారెడ్డిలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టించి అమ్మే ఒక అక్క ఉంది. ఎల్లారెడ్డిలో ఆమె చెల్లెలు అదే వ్యాపారానికి రెండో దుకాణం నడుపుతుంది. చొక్కాలు, లాగులు, గౌన్లు ఏ సైజువి ఏ దుకాణంలో ఎన్ని ఉన్నాయో ఇద్దరికీ కనిపించేలా ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెట్టించుకున్నారు. పెట్టిన ఆయన హైదరాబాద్ వెళ్లిపోయాక దాని బాగోగులు చూసే పని నాకు వచ్చింది. నేను కామారెడ్డిలో చిన్న గది అద్దెకు తీసుకుని ఇలాంటి పనులే చేస్తుంటాను.

బడులు తెరవబోయే ముందు ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది.

"బిడ్డా, నువ్వొచ్చి మా కంప్యూటర్ల ఉన్నదంత తీసెయ్యి."

"ఏమైందక్కా, బిల్లులు వస్తలేవా?"

"బిల్లులు మంచిగనే వస్తున్నయి. మా చెల్లెనే నాతోని మాట్లాడ్తలేదు."

వెళ్లి కూర్చుంటే విషయం చెప్పింది. ఫోన్‌లో చెప్పిన సైజులు ఒకటికి ఇంకొకటి వినబడి గొడవలు అవుతున్నాయని, సరుకు మాటలన్నీ సాఫ్ట్‌వేర్‌లోని మెసేజ్ పెట్టెలోనే రాసుకోవాలని అక్కే నియమం పెట్టింది. మొదట్లో బాగానే నడిచింది. సీజన్ మొదలైనప్పటి నుంచి చెల్లెలు ఒక్కదానికీ జవాబివ్వడం లేదు.

"మరి ఫోన్ చేసి అడగకపోయినవా అక్కా?"

"నేనెందుకు చెయ్యాలె? రాసింది నేను. జవాబియ్యాల్సింది ఆమె."

అక్క తెర మీద ఆమె రాసినవన్నీ వరసగానే కనిపించాయి. అటువైపు ఏం కనిపిస్తోందో చూడాలనిపించి ఎల్లారెడ్డి బస్సెక్కాను. లింగంపేట దాటేదాకా, చెడిపోయింది సాఫ్ట్‌వేరా, అక్కాచెల్లెళ్ల మధ్య మాటా అని ఆలోచిస్తూనే ఉన్నాను. రెండోదైతే నా చేతిలో ఏమీ లేదు.

చెల్లెల్ని నేను చిన్నక్క అంటాను. గల్లా ముందు కూర్చుని గుండీలు కుడుతోంది. నన్ను చూడగానే, "అక్క పంపిందా?" అంది.

"లేదు చిన్నక్కా. కంప్యూటర్ చూద్దామని వచ్చిన."

"కంప్యూటర్‌కేమైంది? మనుషులకే ఏమో అయింది. నాలుగు రాస్తే ఒక్కదానికి జవాబు లేదు. పెద్దదుకాణం ఆమెదని మిడిసిపడ్తున్నది."

ఇద్దరిదీ ఒకటే ఫిర్యాదు కావడంతో నాకు నవ్వొచ్చింది, కానీ ఆపుకున్నాను. సాయంత్రం దుకాణం మూసేటప్పుడు కంప్యూటర్ ఆపుతావా అని అడిగాను. తెర ఒక్కటే ఆపుతానంది. అంటే తెరిచిన పేజీ రోజుల తరబడి అలాగే ఉంటోంది. మౌస్ తీసుకుని ఆ పేజీని మళ్లీ తెరిచాను.

అక్క మాటలు ఒకదాని కింద ఒకటి బిలబిలా దిగాయి. మొదట అన్నీ చొక్కాల సైజులు, లాగుల రంగులు. తర్వాత, "మామిడికాయ తొక్కు పెట్టిన. నీకు డబ్బల తీసి పెట్టిన. ఎప్పుడొస్తవ్?" దాని కింద, "తొక్కు ఊరింది." ఆ కింద, "వద్దంటే చెప్పు, పక్కింటామెకిస్త."

చిన్నక్క సూది పక్కన పెట్టింది. మెసేజ్‌లను పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి చదివింది.

"ఇవన్ని ఇన్నొద్దులు ఏడున్నయి?" అంది.

ఉన్నచోటు వెతకడం నా పని. ల్యాప్‌టాప్ తెరిచి సర్వర్‌లోకి వెళ్లాను. సాఫ్ట్‌వేర్ ముందు ప్రాక్సీ అని ఒక వెబ్ సర్వర్ ఉంటుంది. బయటినుంచి వచ్చే ప్రతి అభ్యర్థననూ అందుకుని లోపలికి చేరవేయడమే దాని పని. సీజన్ మొదట్లో పేజీలు నెమ్మదించాయని, పని నాకు అప్పగించే ముందు పాత ఆయన హైదరాబాద్ నుంచే సాఫ్ట్‌వేర్ వేగం పెంచాడు. అలా పెంచినప్పుడు మెసేజ్‌లకు వేరే దారి, అంటే వేరే పోర్టు, ఏర్పడుతుంది. ఆ సంగతి ప్రాక్సీకి ఎవరూ చెప్పలేదు. అది పేజీలనూ మెసేజ్‌లనూ పాత పోర్టుకే పంపుతూ వచ్చింది. అందుకే బిల్లులు వస్తున్నాయి, మెసేజ్‌లు మాత్రం పేజీ మళ్లీ తెరిస్తే తప్ప కనబడటం లేదు.

మెసేజ్‌లను కొత్త పోర్టుకు పంపమని కొన్ని లైన్లు రాశాను. కనెక్షన్ తెంపకుండా పట్టుకుని ఉండమని ఇంకో రెండు చేర్చాను. సర్వర్‌కు అప్పగించే ముందు పరీక్షిస్తే ఒక లైను చివర సెమికోలన్ మరిచిపోయానని తేలింది. అలాగే సర్వర్‌ను ఆపి మళ్లీ నడిపించుంటే మధ్యాహ్నం బేరం వేళ రెండు దుకాణాలూ ఆగిపోయేవి. దిద్ది, మళ్లీ పరీక్షించి, సర్వర్‌కు కొత్త సెట్టింగులు చదివించాను. అక్కదీ రోజుల తరబడి తెరిచి ఉన్న పేజీయే కాబట్టి, ఫోన్ చేసి దాన్నీ మళ్లీ తెరవమన్నాను.

"ఇప్పుడు ఏదన్న రాయి చిన్నక్కా."

ఆమె ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాసింది: "తొక్కు ఎవ్వరికియ్యకు."

మేమిద్దరం తెర వైపే చూస్తున్నాం. పేజీని ఎవరూ ముట్టుకోలేదు. దానంతట అదే కింద ఒక మాట వెలిసింది: "ఇన్నొద్దులకు నోరు పెగిలిందా?"

చిన్నక్క ఎంత గట్టిగా నవ్విందంటే, పక్కన తన పిల్లాడి కొలతలిప్పిస్తున్న ఒకామె వెనక్కి తిరిగి చూసింది. ఎన్ని సర్వర్లు సరిచేసినా, సరైన క్షణాన ఇంకొకరి ముఖం చూసే అదృష్టం మా పనిలో ఎప్పుడో గానీ దొరకదు.

ఆ మధ్యాహ్నమే అక్క దుకాణాన్ని టైలరమ్మకు అప్పజెప్పి, తొక్కు డబ్బా పట్టుకుని బస్సు దిగింది. లోపలికి వస్తూనే చెల్లెలితో, "ఒక్క ఫోన్ చెయ్యరాదా నీకు?" అంది.

"నువ్వు చెయ్యరాదా?"

"నేను పెద్దదాన్ని."

"అందుకే నువ్వు చెయ్యాలె."

ఆ మాట మీద కాసేపు గట్టిగానే వాదించుకున్నారు. ప్రాక్సీ తప్పని మధ్యలో చెప్పబోయాను. "నువ్వాగు బిడ్డా" అన్నారిద్దరూ ఒక్కసారే. దుకాణం వెనక గదిలో వేడి అన్నంలో తొక్కు కలుపుకుని తినేదాకా ఆ వాదన తెగలేదు. అసలు తెగిందో లేదో కూడా నేను చెప్పలేను. వాళ్లు తింటూనే ఉన్నారు, అంటూనే ఉన్నారు.

వారం తిరక్కుండా అక్క మళ్లీ ఫోన్ చేసింది.

"బిడ్డా, ఆ మెసేజ్‌లు జర ఆలస్యంగ వచ్చేటట్టు జేస్తవా? పొద్దుందాక టుంగుటుంగుమని ఒకటే రాస్తది. ఒక్క బిల్లు సక్కగ కొట్టనిస్తలేదు."

శబ్దం ఒక్కటే ఆపొచ్చక్కా, ఆపనా అని అడిగాను.

అటువైపు ఇంకోసారి టుంగుమంది. "వద్దులే" అని, గిరాకీ వచ్చిందంటూ ఫోన్ పెట్టేసింది.