వరండాలో వరాహ

జోసఫ్ రాజు గారు నిజాయితీపరుడని నర్సీపట్నంలో ఎవరిని అడిగినా చెబుతారు. నేనూ చెబుతాను. చెప్పేటప్పుడు మాత్రం నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఎందుకో ఇన్నాళ్లకి రాస్తున్నాను.

ఆయన మా నీటి కొలతల ఆఫీసులో ఫీల్డ్ అసిస్టెంటు, నేను టైపిస్టుని. ఇరవై ఏళ్లపాటు రోజూ రెండు పూటలా సైకిల్ మీద బలిఘట్టం వెళ్లి, వరాహ నది ఎంత ఎత్తున పారుతోందో చూసి రాసుకొచ్చేవారు. క్రిస్మస్ నాడు కూడా కొలత రాశాకే చర్చికి. వేసవిలో చుక్క నీరు లేని ఏటికి వెళ్లి ‘సున్నా’ అని రాసుకొస్తుంటే ఆఫీసులో అందరం ఆటపట్టించేవాళ్లం.

“సున్నా అయినా సూసే రాయాల కదండీ” అనేవారు. ఆయన రిజిస్టరులో ఒక్క గడి ఖాళీగా ఉండేది కాదు.

2003లో కొత్త పరికరం వచ్చింది. మూరెడు గొట్టం, దాని అడుగున అయిదు సెన్సర్లు. నీటి వేడి, ఆమ్లగుణం, లవణాలు, బురద, నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అన్నీ పావుగంటకోసారి తనే కొలిచి దాచుకుంటుంది. గొలుసుతో ఏట్లో వేలాడదీసి, సోమవారం పైకి తీసి కంప్యూటరుకి తగిలిస్తే వారం లెక్కంతా వచ్చేస్తుంది. నేర్పడానికి వచ్చిన ఇంజనీరు రెండు మాటలు గట్టిగా చెప్పాడు: పోగొట్టవద్దు, సెన్సర్లు ఎండనివ్వవద్దు. జోసఫ్ రాజు గారు వాటిని బైబిలు వాక్యాల్లా పట్టుకున్నారు.

అక్టోబరులో ఏరు పొంగింది. కొట్టుకుపోతుందన్న భయంతో ఆయన పరికరాన్ని ఇంటికి తెచ్చి, వరండాలో బకెట్టుడు ఏటినీళ్లలో పెట్టారు. అంతవరకు తప్పు లేదు. వరద తీశాక చూస్తే గొలుసు లేదు. కొత్త గొలుసు కావాలని కాగితం పెడితే అది రావడానికి అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు వారాలూ పరికరం బకెట్లోనే ఉంది. ఖాళీ షీటు పంపడం ఆయనకి చేతకాలేదు. రోజూ పొద్దున్న ఆరింటికి ఏటికెళ్లి, బకెట్టు నింపుకొచ్చి నీళ్లు మార్చేవారు. ఏటినీళ్లే కదా అనుకున్నారు. తప్పు చేయడానికి కూడా అంత కష్టపడిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

మరి నాకు తెలియదా? ఆ లెక్కల షీట్లు టైపు కొట్టేది నేనే. వరద తర్వాత ఎర్రగా పారే ఏట్లో బురద అంకె రోజూ ఆరింటికి లేచి, సాయంత్రానికి తాగే నీళ్లంత తేటగా దిగిపోయేది. ఏ ఏరూ అలా పారదు. అడిగితే షీట్లన్నీ మళ్లీ కొట్టాలి. బద్ధకం. నోరు మూసుకున్నాను.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం ఏట్లో చేపలు చచ్చి తేలాయి. అక్కడ వల వేసుకుని బతికే గున్నమ్మ గంపెడు చేపలు తెచ్చి మా ఆఫీసు మెట్ల మీద పోసింది.

“పైనున్న ఫ్యాక్టరీవోళ్లు నీళ్లొదిలీసినారు బాబూ. నల్లగా వొచ్చీసింది. మీ మిషను సూడండి, అదే సెప్తాది.”

విచారణ పెట్టారు. మా ఇద్దరినీ, గున్నమ్మనీ, ఫ్యాక్టరీ మనిషినీ పిలిచి షీటు తెరిచారు. ఫ్యాక్టరీ నీళ్లు కలిస్తే పడిపోవలసిన ఆక్సిజన్, చేపలు చచ్చిన రోజు నిక్షేపంలా ఉంది. “ప్రభుత్వ మిషనే చెబుతోంది కదండీ. ఈ జాలర్లలోనే ఎవరో ఏట్లో మందు కలిపి చేపలు పట్టుంటారు” అన్నాడు ఫ్యాక్టరీ మనిషి. ఆఫీసరు జోసఫ్ రాజు గారి వైపు తిరిగి, “ఈ కొలతలు మీవేనా?” అన్నారు.

గున్నమ్మ ఆశగా చూస్తోంది.

“మావేనండీ” అన్నారాయన. ఆఫీసరు ఫైలు మూసేశారు.

జోసఫ్ రాజు గారు చర్చి పెద్ద. నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్లెం ఆయనే అందించేవారు. తోటివాడికి కీడు చేసినవాడు అతనితో సమాధానపడకుండా బల్ల దగ్గరికి రాకూడదని వాళ్ల కట్టుబాటు. డిసెంబరులో ఆయన పళ్లెం ముట్టలేదు. జనవరిలో వెనక బెంచీలో కూర్చున్నారు. సంఘమంతా చూసింది. ఫిబ్రవరిలో, పరికరం బకెట్లో ఉందని, తప్పు తనదేనని పై ఆఫీసుకి ఉత్తరం రాశారు. టైపు చేసింది నేనే. అందులో నా గురించి ఒక్క ముక్క లేదు, నేనూ చేర్చలేదు. తర్వాత నన్ను తోడు తీసుకుని గున్నమ్మ ఇంటికి వెళ్లి అదే మాట చెప్పారు.

గున్నమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గడపలో కూలబడింది.

“అయితే మందు ఎవులూ కలపలేదా?”

“లేదమ్మా.”

“మా తమ్ముడు కొండన్నే కలిపేడనుకున్నాను బాబూ. అందరి ముందరా సీపురు తిరగేసి కొట్టీసినాను. ఇల్లొదిలి ఎల్లిపోనాడు.”

అతను నక్కపల్లి వైపు సముద్రపు ఒడ్డున వలల పనిలో ఉన్నాడని తెలిసి మర్నాడే బస్సెక్కాం. ఇసుకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. జోసఫ్ రాజు గారు ఎండలో నిలబడి అంతా చెప్పి, తన వయసులో సగం లేని మనిషికి చేతులు జోడించారు.

కొండన్న వల మీంచి చూపు ఎత్తలేదు.

“మిషనుకేటి తెలుస్తాది బాబూ. బకెట్లో ఎడితే బకెట్టు గురించే సెప్తాది. నన్ను ఎత్తుకుని పెంచింది మా అక్క. ఆవిడికి తెలవొద్దా?”

జోసఫ్ రాజు గారు అక్కడే ఏడ్చేశారు. “తప్పు నాదే నాయనా, నా ఒక్కడిదే” అన్నారు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. కాదని అనలేదు.