జమేదారుకు ఎదురొచ్చిన రోజు

మా ఆయన నాపరాళ్ళ గనిలో పోయిన తర్వాత నాకో అలవాటు పట్టుకుంది. గడప దాటే ముందు తల బయటికి పెట్టి వీధి అటూ ఇటూ చూసుకునేదాన్ని. ఎవరైనా పనిమీద బయల్దేరినట్టు కనిపిస్తే తలుపు చాటున నిలబడి, వాళ్ళు మలుపు తిరిగాకే బయటికి వచ్చేదాన్ని. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. ఒకసారి మా మరిది పిల్లను చూడటానికి వెళుతుంటే కట్టెలమోపుతో ఎదురొచ్చాను. అతను నన్ను ఒక్క మాట అనలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి, మంచం మీద కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు. తిట్టి ఉంటే ఆ రోజే మరిచిపోయేదాన్ని. ఆ నీళ్ళు తాగడం మాత్రం కళ్ళలో ఉండిపోయింది.

మా ఊరు కృష్ణ ఒడ్డున, మాచర్లకు ఒక పూట నడక. తెల్లవాళ్ళు పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఏటికి ఇవతల మన జెండా ఎగిరింది గాని, అవతల ఇంకా నైజాం రాజ్యమే. మాకు మాత్రం అది పరాయి దేశమని ఎప్పుడూ అనిపించలేదు. మా అత్తగారు అవతలి గట్టు పిల్ల. చావు కబురు వస్తే పుట్టి ఎక్కి పోయేవాళ్ళం, వెదురు అల్లి తోలు కప్పిన ఆ గుండ్రటి పడవలో నలుగురం మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళం. ఏట్లో గీత ఉందని ఎవరు చెప్పినా నవ్వుకునేవాళ్ళం.

ఆ ఎండాకాలం అవతల నైజాం మూకలు ఊళ్ళు తగలబెడుతున్నాయని జనం ఆ పుట్లలోనే ఇవతలకు రావడం మొదలుపెట్టారు. మొదట్లో మా ఊరు బాగానే ఆదుకుంది. ఇంటికో చట్టెడు సంగటి పంపారు. నెల తిరిగేసరికి బావి దగ్గర మాటలు మారాయి. "మన నీళ్ళు మనకే చాలటంలా" అని ఒకరు, "వీళ్ళలో తుపాకులు దాచుకున్నోళ్ళు లేరని ఎవరు చెప్పొచ్చారు" అని ఇంకొకరు. ఆ మాటలన్నవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. సంగటి పంపిన చేతులే అవి.

నా ఇంట్లో ఉన్నది ఒక చంటిపిల్ల తల్లి. ఆమె మొగుడు ఆమెను నా దగ్గర దింపి, గురజాల వైపు సున్నపు బట్టీల్లో పని వెతుక్కుంటూ పోయాడు. నన్ను అక్కా అని పిలిచేది. నేను గడపలో తొంగి చూడటం కనిపెట్టి ఒకరోజు అడిగింది.

"ఏందక్కా, రోజూ గట్ల చూస్తవు? ఎవరన్న కొడతరా?"

"కొట్టేదేముందే. నేను ఎదురొస్తే వాళ్ళకు మంచిది కాదు."

ఆమె పాలు తాగుతున్న పిల్లను ఇటు నుంచి అటు మార్చుకుంది. "మా ఊరు తగలబెట్టిన దినం మేము ముత్తైదువులమే ఎదురుగ ఉన్నం అక్కా" అంది.

అంతే అంది. మర్నాడు కూడా నేను తొంగి చూశాకే గడప దాటాను.

తర్వాత రేవు దగ్గర పోలీసులు గుడారం వేశారు. జమేదారు ఒకడు, జవాన్లు ఆరుగురు. పైనుంచి హుకుం వచ్చిందని చాటింపు వేశారు. కొత్తగా వచ్చినవాళ్ళకు పట్టా ఉన్న రైతు ఎవరైనా పూచీ పడి జామీను కాగితం రాసివ్వాలి. రాసేవాడు లేకపోతే తిరిగి పుట్టి ఎక్కించి అవతలికి పంపేస్తారు. అవతలి రేవులో ఎవరు కాచుకుని ఉన్నారో ఊరందరికీ తెలుసు. పంపేసినవాళ్ళ కోసం ఊళ్ళు తగలబెట్టినవాళ్ళే కత్తులతో కూర్చున్నారు.

జవాన్లు ఇల్లిల్లూ తిరిగి, జామీను లేనివాళ్ళను పద్నాలుగు మందిని చావడికి తోలుకుపోయారు. నా ఇంటికీ వచ్చారు. ఆమె పిల్లను చంకనేసుకుని నా వైపు చూసింది. నేను వెంటే పోయి, వేలిముద్ర వేస్తానని జమేదారు ముందు బొటనవేలు చూపించాను.

"అయ్యా, ఈ పిల్లకు నేను జామీను. ఎక్కడ వెయ్యమంటావో చెప్పు, వేస్తా."

"పట్టా ఉందా నీకు?"

"లేదు."

"పోనీ మొగదిక్కు?"

"లేడు."

"మరి నీకెవరు జామీనే?" అని అతను నవ్వాడు. పక్కనున్న జవాన్లూ నవ్వారు.

అక్కణ్ణుంచి మునసబు ఇంటికి పోయాను. మా ఊళ్ళో ఎక్కువ పొలం ఆయనదే. అరుగు మీద కూర్చుని పొగాకు చుట్టుకుంటున్నాడు. అంతా విని, "అమ్మాయ్, నేను సర్కారు మనిషిని. నేనే అడ్డం పడితే నా మునసబీ ఉంటదా?" అన్నాడు. లోపల తలుపు సందున తెల్లచీర ఒకటి కదిలింది. ఆయన అక్క. చిన్నప్పుడే మొగుడు పోయి పుట్టింట్లో ఉండిపోయిన మనిషి. ఆమె వీధిలోకి రావడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం గనివాళ్ళు నలభై మంది దాకా జట్టుగా చావడి మీదికి పోయారు. "మా చుట్టాల్ని పంపొద్దు" అని కేకలు వేస్తూ దారికి అడ్డంగా కూర్చున్నారు. నేనూ ఆడవాళ్ళ గుంపులో వెనక నిలబడ్డాను. జమేదారు మూడుసార్లు లెమ్మన్నాడు. లేవలేదు. లాఠీలు లేచాయి. రాళ్ళు పగలగొట్టే మనుషులు, చేతులు ఎత్తకుండా దెబ్బలు తినడం నేను చూడటం అదే మొదలు. ముగ్గురికి తలలు పగిలాయి. మిగతావాళ్ళు వాళ్ళను మోసుకుని వచ్చారు. జామీను కాగితాలు పుట్టలేదు. తెల్లవారి పొద్దున్నే బండ్లు రేవుకు పోతాయని చెప్పారు.

పొద్దున లేచి జొన్నజావ కాచాను. పుట్టి ఎక్కించే ముందు ఆమె ఇంత తాగుతుందని. ముంతలో పోసుకుని, మూత పెట్టుకుని, కంగారులో గడప దగ్గర తల బయటికి పెట్టి చూడటం మరిచిపోయాను. ఏడేళ్ళలో మొదటిసారి. సందులోంచి వీధిలోకి అడుగు పెట్టేసరికి ముందు బండి ఎద్దులు నా మొహం మీదున్నాయి. బండి పక్కన జమేదారు.

అతను ఆగిపోయాడు. నా బోసి మెడ వైపు, ఒట్టి చేతుల వైపు చూశాడు. "థూ! బయల్దేరంగానే" అన్నాడు. అలవాటు కొద్దీ గోడ పక్కకు జరగబోయాను. ఇంతలో అతను వెనక్కి తిరిగి, చావడి అరుగు మీద కూర్చుని, "మంచినీళ్ళు తేరా" అని జవాన్ని కేకేశాడు.

బండ్లు ఆగాయి. బండిలోంచి ఆమె నన్ను చూస్తోంది.

నాకు అప్పుడు తట్టింది. నా మరిది తాగినవీ, ఈ జమేదారు తాగుతున్నవీ ఆ నీళ్ళే. లాఠీలున్న మనిషి కూడా నన్ను దాటుకుని పోలేడన్నమాట.

ముంత అక్కడే గోడ మీద పెట్టి మా సందులోకి పరిగెత్తాను. మా సందులో గని మొగుళ్ళను మింగిన ఇళ్ళు నాతో కలిపి నాలుగు. ఇద్దరు వెంటనే కొంగు బిగించారు. మూడో మనిషి మా పెద్దమ్మ, ముసలిది. ఆమె మాత్రం మంచం దిగలేదు.

"బతుకంతా జనానికి ఎదురు పడకుండా కాచుకున్నా. ఇప్పుడు ఈ దరిద్రాన్ని బజారుకెక్కియ్యమంటావా? నువ్వు చెప్పేది ఏందో తెలుసా? మనం అపశకునమని మన నోటితో మనమే ఒప్పుకోవటం."

"ఒప్పుకుంటే ఒక పిల్ల బతుకుద్ది పెద్దమ్మా."

ఆమె మంచం దిగింది. తర్వాత కర్ర అందుకుంది.

జమేదారు నీళ్ళు తాగి లేచాడు. పది అడుగులు వేశాడో లేదో మొదటామె ఎదురొచ్చింది. మళ్ళీ అరుగు, మళ్ళీ నీళ్ళు. రెండోసారి రెండో ఆమె. అరుగుల మీద జనం చేరారు. మూడోసారి పెద్దమ్మ కర్ర టకటకలాడించుకుంటూ దారి మధ్యలోకి వచ్చింది.

"ఏమే, ఈ ఊళ్ళో మొగుళ్ళంతా చచ్చారా ఏంది?" అని అరిచాడు జమేదారు.

"చచ్చింది మా మొగుళ్ళు నాయనా, నీకేం కాలా. ఇంకో ముంత తాగు, ఎండ ముదురుతుంది."

జనం గొల్లుమన్నారు. నిన్న తల పగిలినవాడు కూడా గుడ్డకట్టు పట్టుకుని నవ్వాడు. జమేదారు మొహం కందగడ్డ అయింది. "శకునం లేదు, గికునం లేదు, తోలరా బండి!" అన్నాడు. ముందు బండివాడు దిగి కాడి విప్పాడు.

"అయ్యా, ఎద్దులు మునసబుగారివి గాని పాణం నాది. నాలుగు ఎదుర్లు దాటి నేను ఏటికి పోను. నన్ను కొట్టినా పోను."

వెనక బండివాళ్ళూ విప్పేశారు. వాళ్ళు నిజంగా భయపడ్డారో, సాకు దొరికిందని విప్పారో, నేను ఆ తర్వాత కూడా అడగలేదు.

కబురు మునసబుకు పోయింది. ఆయన విసురుగా వచ్చాడు. వచ్చి బండివాళ్ళను తిట్టబోయి, ఆగి మా వెనక్కి చూశాడు. నేనూ తిరిగి చూశాను. తెల్లచీర తల మీద కప్పుకుని ఆయన అక్క వచ్చి, మా నలుగురి పక్కన నిలబడింది. ఆమె మొహం నేను చూడటం అదే మొదలు. ఎండ అలవాటు లేక కళ్ళు చికిలించుకుంటోంది.

"లోపలికి పద అక్కా. నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ. నువ్వు జామీను కాగితం రాయి, నేను లోపలికి పోతా."

ఆయన చావడిలోకి పోయి కాగితం అడిగాడు.

ఆడవాళ్ళకూ, పిల్లలకూ, ముసలివాళ్ళకూ రాశాడు. పన్నెండు మందికి. ఇద్దరు వయసు మొగవాళ్ళకు మాత్రం రాయనన్నాడు. "వాళ్ళు రేపు ఏం చేస్తారో నాకేం తెలుసు?" అన్నాడు. అక్క ఆయన వైపు చూసింది గాని, అంతకు మించి ఆమె చేతిలోనూ ఏమీ లేదు. జమేదారుకు తన మాట దక్కించుకోవడానికి ఆ ఇద్దరు చాలు. చేతులకు తాడు కట్టి నడిపించుకుంటూ బయల్దేరాడు.

నేను గోడ మీది ముంత తీసుకున్నాను. ఆ ఇద్దరిలో ఒకడు "అమ్మా, కాసిని" అన్నాడు. చల్లారిపోయిన జావ వాడి నోటికి పట్టాను. జవాను ఒక గుక్క తాగనిచ్చి లాగేశాడు. వాళ్ళు కదలగానే నా కాళ్ళు వాటంతటవే గోడ చాటుకు పోయాయి, వాళ్ళకు నేను ఎదురు కాకూడదని. చాటుకు పోయాక గుర్తొచ్చింది. పొద్దున ముందు బండికి ఎదురుగా నేను అడుగు పెట్టినప్పుడు, ఆ ఇద్దరూ ఆ బండిలోనే ఉన్నారు. జమేదారుకు ఎదురొచ్చిన నేను వాళ్ళకూ ఎదురొచ్చాను.

శకునం అబద్ధమని అనుకుంటూనే ఆ పూటంతా దాన్ని వాడుకున్నాను. వాళ్ళ విషయానికి వచ్చేసరికి అబద్ధమని అనుకోలేకపోయాను. పెద్దమ్మ చెప్పింది ఇదేనేమో. ఒక్కసారి బజారుకెక్కించిన దాన్ని మళ్ళీ ఇంట్లో పెట్టి తలుపు వేయడం చేతకాలేదు. ఆ ఇద్దరూ ఏమయ్యారో ఎవరూ చెప్పలేదు. పుట్టివాడిని అడిగితే, "దించాను, అంతే" అన్నాడు.

వానలు వెనకబట్టాక అవతల రాజ్యం మారిందని కబురు వచ్చింది. గట్టున డప్పులు కొట్టారు. ఆమె మొగుడు గురజాల నుంచి వచ్చాడు, చేతుల నిండా సున్నం పొక్కులు. బండి కట్టారు. పిల్ల అప్పటికి నా మెడ పట్టుకుని నిలబడుతోంది. నేను పిల్లకు ముద్దు పెట్టి ఇచ్చేసి, లోపలికి పోయి తలుపు చాటున నిలబడ్డాను.

బండి కదలలేదు. ఆమె గొంతు వినిపించింది.

"అక్కా, బయటికి రా. నువ్వు ఎదురు రాకుంటే నేను పోను."

"పోవే తల్లీ. మంచి గడియ దాటిపోద్ది."

"ఆ దినం నువ్వు ఎదురు రాకుంటే నాకు గడియే లేదు."

ఆమె మాట కాదనలేను. ఆ ఇద్దరి మొహాలూ మరిచిపోలేను. చివరికి బయటికి వచ్చాను గాని, ఎద్దుల ముందుకు పోలేదు. బండి పక్కకు పోయి, చక్రానికి ఇవతల, బండి కర్ర మీద చెయ్యి వేశాను. ఆమె పైనుంచి నా చేతి మీద చెయ్యి పెట్టింది. అలా పక్కపక్కనే రేవు దాకా నడిచాను. దారిలో ఎవరో పనిమీద పోతూ నన్ను చూసి ఆగారు. నేను చాటుకు జరగలేదు.