నాలుగో నంబర్ క్యాసెట్

నాలుగో నంబర్ క్యాసెట్ నిన్న దొరికిందండి. దొరక్కపోయినా బాగుండేది. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి. విన్నాక నవ్వితే నవ్వారు గానీ, రేపు పొద్దున్న ముదీర్ కారెక్కేసరికి నేనేం చెయ్యాలో ఎవరో ఒకరు చెప్పి పుణ్యం కట్టుకోండి.

నా సంగతి తెలిసిందే. ఉండేది ఈ అరబ్బు ఎడారిలో మఫ్రఖ్ లేబర్ క్యాంపులో, నడిపేది మా కంపెనీ ముదీర్ గారి కారు. ముదీర్ అంటే మేనేజరు. మనిషి మంచివాడే. కాకపోతే ఏదైనా నెత్తికెత్తుకున్నాడంటే దాని అంతు చూసేదాకా తనూ నిద్రపోడు, పక్కవాళ్ళనీ నిద్రపోనివ్వడు. ఆమధ్య అమెరికన్ ఇంజనీర్లకి పెద్ద విందు ఒకటి పెట్టుకున్నాడు. అల్ ఐన్‌లో కట్టబోయే ఇళ్ళ కాంట్రాక్టు ఎవరికివ్వాలో చెప్పేది వాళ్ళే. ఆ విందులో ఈయన ఇంగ్లీషులో మాట్లాడాలి. అక్కడ మొదలయ్యాయి నా కష్టాలు.

ఉపన్యాసం నేర్చుకోవాలంటే అమెరికా ప్రెసిడెంట్లవి వినాలని ఎవరో చెప్పారట. బజారుకెళ్ళి ఒక పెట్టె కొనుక్కొచ్చాడు. పేరున్న ప్రెసిడెంట్లు మాట్లాడిన పేరున్న ఉపన్యాసాలన్నీ క్యాసెట్ల మీదకి ఎక్కించి, అట్టపెట్టెలో వరసగా పేర్చి, ఒక్కోదానికీ నంబరు వేసి అమ్ముతున్నారు. అదీ ఆ పెట్టె. అది తిన్నగా నా కార్లోకి వచ్చింది. ఒకాయన ముక్కుతో మాట్లాడతాడు. ఒకాయన చంటిపిల్లాడిని బుజ్జగిస్తున్నట్టు మాట్లాడతాడు. పాతకాలం వాళ్ళవైతే మాటల కన్నా చిటపటలే ఎక్కువ. నాలుగో నంబరాయన మాత్రం ఒక మాట అని ఆగుతాడు, ఆగాడంటే జనం చప్పట్లే చప్పట్లు.

మా ముదీర్‌కి ఈ నాలుగో నంబరాయనంటే ప్రాణం. వెనక సీట్లో కూర్చుని ఆయనతో పాటు తనూ అంటాడు. అనేముందు మూడుసార్లు గొంతు సవరించుకుంటాడు. చప్పట్లు వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని తలాడిస్తాడు, అవి తనకే కొట్టినట్టు. నాకు ఇంగ్లీషు రోడ్డు మీద బోర్డులు చదివేంతే వచ్చు. అయినా రోజూ అదే వింటుంటే గోడకైనా నోటికొస్తుంది కదండీ.

ఇలా ఉండగా ఒక శుక్రవారం మా పక్కూరి సత్తిబాబు సెలవు మీద ఊరెళ్తున్నాడు. మన క్యాంపుల్లో ఊరెళ్ళేవాడి సూట్‌కేసులో బట్టల కన్నా క్యాసెట్లే ఎక్కువుంటాయి. ఉత్తరమైతే చదివిపెట్టేవాళ్ళు కావాలి. క్యాసెట్ అయితే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వింటారు. విన్నాక దాని మీదే వాళ్ళ మాటలు ఎక్కించి వెనక్కి పంపుతారు. ఒకే క్యాసెట్ అలా అటూ ఇటూ సముద్రం దాటుతూనే ఉంటుంది.

నేనూ ఒకటి పంపాలి. గదిలో మాట్లాడదామంటే ఎనిమిది మంచాలు, ఎనిమిది మంది. పెళ్ళాంతో ఒక మాట అంటే ఎనిమిది మందీ ఊ కొడతారు. అందుకని పక్క మంచం మల్లయ్య దగ్గర టేప్‌రికార్డర్ తీసుకుని, ముదీర్ కార్లో కూర్చుని, అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని మొదలెట్టాను. మల్లయ్యది జగిత్యాల వైపు. బయటినుంచి అద్దం మీద టకటకా కొట్టాడు.

"అరే సూరన్న, ఒక్కనివే కూసొని గట్ల చేతులు తిప్పుతున్నవేందే? మంచిగనే ఉన్నవా?"

"ఇంటికి మాట్లాడుతున్నాను, నువ్వెళ్ళవయ్యా బాబూ" అని పంపించేశాను.

ఏం మాట్లాడానంటారా? అందరూ మాట్లాడేదే. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి, గేదె ఎప్పుడు ఈనుతుంది. అసలు సంగతి పెంకులు. వంటింటి మీద పెంకులు సగం పగిలిపోయి ఉన్నాయి. 'వానలు పడేలోగా మార్పించెయ్యవే, ముందు నెత్తి మీద కప్పు బాగుంటే మిగతావన్నీ నెమ్మదిగా చూసుకోవచ్చు' అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. చివర్లో మా ఆవిడని నవ్విద్దామన్న బుద్ధి పుట్టింది. ముదీర్ గొంతు పెట్టి, మూడుసార్లు సవరించుకుని, "లేడీస్ అండ్ జెంటిల్మెన్" అంటూ నాలుగో నంబర్ ఉపన్యాసం నాకొచ్చినంత దంచాను.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. కారు స్పీకర్లలో నా గొంతు ఎలా ఉంటుందో విందామనిపించింది. కారు టేపులో ఉన్న నాలుగో నంబర్ బయటికి తీసి, చేతికందిన నా ఖాళీ డబ్బాలో పెట్టాను. నా క్యాసెట్ మొదటికి తిప్పి కార్లో పెట్టాను. అది మోగడం మొదలయ్యేలోగానే టాక్సీ వచ్చి ఆగింది. అందులోంచి సత్తిబాబు ఒకటే అరుపు.

"యల్లా బావా, యల్లా! ఫ్లైటు నీకోసం ఆగదు."

గబగబా కారాపి, డబ్బాకి చుట్టూ ప్లాస్టర్ చుట్టాను. లేకపోతే దారిలో విప్పి వింటారు మనవాళ్ళు. పైన మా ఊరి పేరు రాసి వాడి చేతిలో పెట్టాను. పెద్ద పని అయిపోయిందనుకుని మల్లయ్యతో కలిసి అన్నం తిని పడుకున్నాను.

మర్నాడు పొద్దున్న ముదీర్ కారెక్కాడు. అల్ ఐన్ వెళ్ళాలి. విందు ఇంకెంతో దూరం లేదు, మనిషి చిరాగ్గా ఉన్నాడు. తాళం తిప్పాను.

"ఏమే నాగమణీ, బాగున్నావా?" అంది కారు.

నా గొంతే. నాలుగో నంబర్ ఎక్కడికెళ్ళిందో ఆ క్షణంలో తెలిసిపోయింది. ఒళ్ళంతా చెమట. టేపు ఆపుదామని చెయ్యి చాచాను.

"ఉండు" అన్నాడు వెనకనుంచి. ఆయన నాతో మాట్లాడేది వచ్చీరాని హిందీలో. "ఎవరు ఈయన?"

నా గొంతు ఆయన గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు, ఇన్నేళ్ళలో నా నోటెంట ఆయన విన్నది 'ఎస్ సర్' ఒక్కటే. నిజం చెప్పేస్తే ఏమయ్యేది? మీ క్యాసెట్ మా ఇంటికి పంపేశాను సార్ అనాలి. మీ కార్లో, మీ ఏసీలో కూర్చుని మిమ్మల్నే వెక్కిరించాను సార్ అని కూడా అనాలి. ఆయన కఫీల్‌తో, అదే నాకు వీసా ఇచ్చిన సేటుతో, ఒక్క మాట అంటే నా వీసా ఖలాస్. ఇంటి దగ్గర పొయ్యి వెలిగేది ఈ ఉద్యోగం మీదే.

"మా దగ్గర పెద్ద లీడర్ సార్" అనేశాను.

"అలాగా. మరి నాలుగో నంబర్ ఏది?"

"టేపు నలిగింది సార్. రిపేరుకిచ్చాను. బుక్రా ఇస్తానన్నాడు."

బుక్రా అంటే రేపు. ఈ దేశంలో బుక్రా అన్నవాడిని ఎవరూ తప్పుపట్టరు. ముదీర్ వెనక్కి వాలి కూర్చున్నాడు. నేను మా అమ్మ మోకాళ్ళ గురించి అడుగుతుంటే ఆయన శ్రద్ధగా వింటున్నాడు.

"గొంతులో బాధ ఉంది. ఏమంటున్నాడు?"

"పెద్దవాళ్ళని మనం సరిగ్గా చూసుకోవట్లేదు అంటున్నాడు సార్."

"నిజం. ఇప్పుడో?"

ఇప్పుడు గేదె నడుస్తోంది. "మంచిరోజులు దగ్గర్లోనే ఉన్నాయి, పిల్లలకి పాలకి లోటుండదు అంటున్నాడు సార్."

అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు గానీ, నూట ఇరవై కిలోమీటర్ల వేగంలో ఎప్పుడూ చెప్పలేదు. ఇంతలో పెంకులు వచ్చాయి. ఇది ఉన్నదున్నట్టే చెప్పేశాను, కల్పించే ఓపిక అయిపోయి. "ముందు మనిషికి నెత్తి మీద కప్పు కావాలి, అది బాగుంటే మిగతావన్నీ నెమ్మదిగా చూసుకోవచ్చు అంటున్నాడు సార్."

ముదీర్ లేచి కూర్చున్నాడు. ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చుకుని తనలో తను అనుకోవడం మొదలెట్టాడు. అనుకోనీ. పెంకుల తర్వాత వచ్చేది నేను ఆయన్ని వెక్కిరించిన ముక్కే.

"సార్, పెట్రోల్ పోయించుకుందామా?"

"ముల్లు నిండుగా చూపిస్తోంది కదా."

"టేపు వేడెక్కింది సార్, కాసేపు ఆపుదాం."

"అక్కర్లేదు."

దారికి ఒంటె అయినా అడ్డం రాకపోతుందా అని చూశాను. అవసరానికి ఒక్కటీ రాదు. కార్లో మూడుసార్లు గొంతు సవరించుకున్న చప్పుడు. "లేడీస్ అండ్ జెంటిల్మెన్..."

అద్దంలో చూసే ధైర్యం లేదు.

"ఆపు" అన్నాడు.

కారు పక్కకి తీసి ఆపాను. ఊరెళ్ళాక ఏం పని చూసుకోవాలా అని కూడా ఆలోచించేశాను.

"టేపు వెనక్కి తిప్పు. ఆ ముక్క మళ్ళీ పెట్టు."

పెట్టాను. ఈసారి ముదీర్ పకపకా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు.

"ఎవరినో వెక్కిరిస్తున్నాడు కదా? ఎవరినయ్యా?"

"ప్రతిపక్షం ఆయన్ని సార్."

"పాపం. ప్రతి దేశంలోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు" అని, మూడుసార్లు గొంతు సవరించుకుని, "యల్లా, పోనీ" అన్నాడు.

విందు రోజున నేను హాలు బయట డ్రైవర్లతో నిలబడ్డాను. తలుపు తెరిచే ఉంది. మా ముదీర్ ప్రెసిడెంట్లందరినీ వదిలేసి మా వంటింటి పెంకులు ఎత్తుకున్నాడు. ముందు మనిషికి నెత్తి మీద కప్పు కావాలి, ఇది మా డ్రైవరు దేశంలో ఒక పెద్ద లీడర్ మాట అన్నాడు. ఇళ్ళు కట్టేవాళ్ళ విందాయె, ఆ మాటకి లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. కాంట్రాక్టు మాకే వచ్చింది. తర్వాత ఒక అమెరికన్ ఇంజనీరు పనిగట్టుకుని నా కారు దగ్గరికి వచ్చి, ఆ లీడర్ పేరేమిటని అడిగాడు. మళ్ళీ చెమట. నోటికి మా మామగారి పేరొచ్చింది, చెప్పేశాను. పేకాట దగ్గర తప్ప ఎక్కడా నోరు విప్పి ఎరగడు ఆయన. గ్రేట్ మ్యాన్ అంటూ నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళాడా ఇంజనీరు.

గండం గడిచిందనుకోకండి. విందు అయిపోయినా ముదీర్‌కి నాలుగో నంబర్ మీద మోజు పోలేదు. కారెక్కినప్పుడల్లా "నాలుగు వచ్చిందా?" అంటాడు, నేను "బుక్రా సార్" అంటాను. మల్లయ్య అయితే, "అన్నా, నీ బుక్రాలు అయిపోయేదాక నౌకరి ఉంటది, అటెన్క ఖలాస్" అని రోజూ ధైర్యం చెప్పేవాడు. సత్తిబాబు ఎప్పుడొస్తాడా, ఆ క్యాసెట్ ఎప్పుడు తెస్తాడా అని కళ్ళు కాయలు కాచాయి.

నిన్న వచ్చాడు. అదే డబ్బా. లోపల అదే క్యాసెట్, మీద నీలం అక్షరాల్లో నాలుగు. దేవుడా అనుకుని కార్లోకి పరిగెత్తి పెట్టాను. నాలుగో నంబరాయన నోరు తెరిచాడు. ఒక్క వాక్యం అన్నాడు. టక్కుమంది.

"ఒరేయ్ సూరీ" అంది మా అమ్మ.

వచ్చిన క్యాసెట్ మీద జవాబు ఎక్కించి పంపడం ఆనవాయితీ కదండీ. పంపారు.

"నీ క్యాసెట్ అరుగు మీద పెట్టి వీధందరికీ వినిపించాం రా. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆ ఎండలకి నీ గొంతు కూడా మారిపోయింది నాయనా. అయితేనేం, నువ్వు ఆగడమే ఆలస్యం, జనం ఒకటే చప్పట్లు. నాకు ఏడుపొచ్చేసింది. అంత పెద్ద ఉద్యోగం పెట్టుకుని, డ్రైవరునని మాకెందుకురా అబద్ధం చెప్పావు? మేమేమైనా దిష్టి పెడతామా?"

తర్వాత మా ఆవిడ, గొంతు తగ్గించి.

"ఏవండీ, ఇది మొదట రికార్డవలేదండి. మన ఊరి మాస్టారు క్యాసెట్ అంచు దగ్గరున్న కన్నంలో కాగితం ముక్క కుక్కితే అప్పుడయ్యింది. ఆ మాట్లాడింది మీరు కాదని నాకు తెలుసు. అత్తయ్యగారి సంబరం చూసి ఊరుకున్నాను. మీరు మాట్లాడితే చప్పట్లు కొట్టేదెవరండీ? ఇక్కడ వానలు పట్టుకున్నాయి. వంటింట్లో కారుతున్న చోటల్లా గిన్నెలు పెట్టాను, వండటానికి గిన్నెల్లేవు. పెంకులు మార్పించాలో వద్దో చెప్తారని చూస్తుంటే ఆ దొరనెవరినో పంపారు. మీరు చెప్పేదాకా కూర్చుంటే ఇల్లు కొట్టుకుపోయేలా ఉంది. రేపు మేస్త్రీని పిలిపిస్తున్నాను. అంతే."

మళ్ళీ టక్కుమంది. ఆవిడ మాట ఎక్కడ ఆగిందో అక్కడినుంచి పాత టేపు చెరగకుండా ఉండిపోయింది. ఒక్కసారిగా చప్పట్లు. అమెరికా జనమంతా లేచి కొట్టినట్టు చప్పట్లు, ఎంతసేపటికీ ఆగవు. నేను స్టీరింగు పట్టుకుని, నోరు తెరుచుకుని వింటూ కూర్చున్నాను. ఒక్కటీ నాకు కాదు.

ఇదండీ సంగతి. రేపు పొద్దున్న ముదీర్ నాలుగో నంబర్ పెట్టమంటాడు. బుక్రాలు అయిపోయాయి, పెట్టక తప్పదు. ఈసారి ఈ లీడర్ ఎవరయ్యా అని అడిగితే మాత్రం నిజమే చెప్పేస్తాను. మా ఇంటి ప్రెసిడెంటు సార్, ఈవిడ దగ్గర నేనూ డ్రైవర్నే అని.