కాలరులో నల్ల అంచు

నైజీరియాలో మా అబా ఊళ్ళో కుట్టుమిషను లేని వీధి లేదంటే కోతలు కోస్తున్నామంటారు. వచ్చి చూడండి మరి. ఇక్కడ కుట్టి, మెడ దగ్గర ఇటలీ అని చీటీ వేసి, లేగోస్‌లో ఇటలీ ధరకే అమ్ముకొచ్చే మొనగాళ్ళు వీధి వీధికీ ఉన్నారు. దర్జీ ఎరిన్మా ఆ పని చెయ్యలేదు. కాలరు లోపలివైపు, మెడకి తగిలే చోట, సన్నటి నల్ల అంచు ఒకటి వేసేది. పేరు లేదు, చీటీ లేదు. అయినా కొన్నాళ్ళకి చర్చిలో ఆడవాళ్ళు ఒకరి కాలరు ఒకరు తిరగేసి చూసుకోవడం మొదలుపెట్టారు. నల్ల అంచు కనిపిస్తే సరే సరి. కనిపించకపోతే "ఓహో, మామూలుదా" అని మూతి మూడు వంకర్లు తిప్పేవారు.

అంత మంచి పేరు ఊరికే రాలేదు. ఆమె తండ్రి న్వోగు దర్జీ. పిల్లకి పధ్నాలుగేళ్ళప్పుడు, వానాకాలం నడిమధ్య, జ్వరంతో పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. ఇంట్లో మిగిలింది ఒక తొక్కుడు మిషను, ఒక కత్తెర, ఇద్దరు ఆడమనుషులు. తల్లి అహుదియా గుండు చేయించుకుని, ఏడాదిపాటు నల్లబట్ట కట్టి, ఆ బట్టతోనే రోడ్డువార పొయ్యి పెట్టుకుని అలసంద గారెలు వేసి అమ్మింది. మైలలో ఉన్నదాని చేతి తిండి మేం తినం అని దూరంగా నడిచినవాళ్ళే, వారం తిరక్కుండా ఆకలికి ఆగలేక వరస కట్టారు. మనుషుల మడి అంత గట్టిది.

మైల తీరిన కొన్నాళ్ళకి అహుదియా ఒక నల్లటి గుడ్డ తెచ్చి కూతురి ఒళ్ళో పడేసింది.

"నాకో జాకెట్టు కుట్టు. ఈ గుడ్డ అంచు కాలరు లోపల వెయ్యి, మెడకి తగిలేలా."

"నాకెక్కడ వచ్చమ్మా కుట్టడం?"

"నీకు రాకపోతే పోయె. మీ నాన్న మిషనుకి వచ్చుగా. కూర్చో."

పిల్ల కూర్చుంది. మొదటి కుట్టే గీత గీసినట్టు పడింది. మా ఊళ్ళో ఇది వింతే. ఇక్కడ పని నేర్చుకోవాలంటే ఏళ్ళ తరబడి యజమాని ఇంట్లో ఊడ్చి, నీళ్ళు మోసి, తిట్లు తిని, చివరికి ఆయన దీవించి పంపితే గానీ పనివాడు అనిపించుకోరు. ఎరిన్మా ఎవరి గుమ్మమూ ఊడ్చలేదు. "ఆ చెయ్యి దానిది కాదు, న్వోగుది" అనేవాళ్ళు పాత దర్జీలు. అది పొగడ్తే అనుకుని సంబరపడేది.

సిమెంటు సంచులతో బడి సంచులు కుట్టి నెత్తిన పెట్టుకుని అమ్మింది. తరవాత పిల్లల గౌన్లు, తరవాత పెళ్ళి బట్టలు. అమ్మ గారెల పొయ్యి పక్కనే గొడుగు కింద మొదలైన పని, ఇరవై ఐదేళ్ళు నిండేసరికి రోడ్డు మీద దుకాణం అయింది. లోపల మిషన్లు, కుట్టేవాళ్ళు, గోడకి నిలువుటద్దం. పోర్ట్ హార్‌కోర్ట్ నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళు. కుట్టేవాళ్ళు వేసే అంచు బజారులో కొన్న నల్లగుడ్డ. తన చేత్తో కుట్టేవాటికి మాత్రం అమ్మ ఇచ్చిన ఆ గుడ్డలోంచే దారమంత సన్నగా కత్తిరించి వేసేది. చేతికి కలిసొచ్చిన గుడ్డ కదా, ఎందుకు వదులుకుంటుంది?

మూల నాన్న మిషను ఉండేది, దుప్పటి కప్పి.

అసలు బాధ అక్కడుంది. కరెంటు పోగానే వీధిలో మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. జనరేటర్ల తాడు లాగేలోపు చిన్న నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక తొక్కుడు మిషను మాత్రం ఆగేది కాదు. టకటకటకమని, తొందర లేకుండా, ఓపికగా కుట్టుకుంటూ పోయేది. ఎరిన్మా దుప్పటి ఎత్తి చూసేది. చక్రం కదిలేది కాదు. చెయ్యి పెడితే ఇనుము వెచ్చగా ఉండేది.

"నీకేమైనా వినపడుతోందా?" అని బోనిఫేస్‌ని అడిగింది ఒకసారి. బట్ట కత్తిరించే ఆ పెద్దమనిషి ఆమె కంటే వయసులో పెద్ద, నోట్లో నువ్వుగింజ నానదు.

"నా పొట్టలో పేగులు వినపడుతున్నాయి మేడమ్. మధ్యాహ్నం భోజనం సంగతి చూడండి."

పాస్టరు గారిని పిలిపించింది. ఆయన ప్రార్థన చేసి, మిషనుకి దీవెన నూనె దండిగా పూసి వెళ్ళాడు. ఆ తరవాత చప్పుడు ఇంకా నున్నగా వినపడింది.

మొదట్లో ఆ చప్పుడు ఆమెకి ధైర్యంగానే ఉండేది. నాన్న ఉన్నాడనుకునేది. రానురాను భయం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం బల్ల మీద తల ఆన్చి కునుకు తీస్తే, ఆయన మిషను ముందు కూర్చుని కనిపించాడు, వీపు ఇటు పెట్టి. చొక్కా చెమటకి తడిసిపోయి ఉంది. వెనక్కి తిరక్కుండానే అడిగాడు: "ఇంకా ఎంతసేపమ్మా? చీకటి పడేలోపు ఇల్లు చేరాలి కదా." ఉలిక్కిపడి లేచింది. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. ఉన్నదంతా అలసటే. అప్పట్నించి ఆమెకి అన్నం సయించలేదు.

అలా ఉండగా మేనత్త మనవరాలు ఒలాచి పెళ్ళి కుదిరింది. పెళ్ళి బట్ట ఎరిన్మాయే కుట్టాలి, ఇంకెవరు కుడతారు? తెల్లటి లేసు తెప్పించింది. పాత నల్లగుడ్డలో మిగిలింది చివరి అంచే. దాన్ని ఒలాచి కాలరులో వేసి, అక్కడితో ఆ గుడ్డకి నమస్కారం పెడదామనుకుంది.

కొలత చూడ్డానికి ఒలాచి వెంట మేనత్త కూడా వచ్చింది. ఉగోయె అత్త న్వోగుకి అక్క. నేతకి పేరుపడ్డ అక్వెటే ఊళ్ళో మగ్గం మీద బతుకంతా నేసిన మనిషి. చూపు మందగించింది గానీ వేళ్ళకి ఏ లోటూ లేదు. మనవరాలి భుజాలు తడిమింది, నడుము తడిమింది, "కాస్త తినవే, హ్యాంగరుకి వేసినట్టుంది" అని చీవాట్లు పెట్టింది. చివరికి కాలరు లోపల వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"ఒలాచీ, అది విప్పెయ్. విప్పి, బయటికెళ్ళి చల్లటిదేదైనా తాగు."

పిల్ల బయటికెళ్ళాక ముసలామె కుర్చీలో కూలబడింది. నల్ల అంచుని గోటితో గీరింది.

"ఇక్కడ పోగు రెండు పేటలైంది, చూశావా? నేస్తూ నేస్తూ ఏడ్చాను, కన్ను కనపడక పోగు మీద పోగు పడింది. ఇది నా తమ్ముడి కోసం నేసిన గుడ్డ. మీ అమ్మ ఏడాది కట్టిన మైలబట్ట. నీ దగ్గరకెలా వచ్చింది?"

"అమ్మే ఇచ్చింది అత్తా."

"నా చేతుల్తో కాల్చాను దీన్ని. ఆడపడుచులం అందరం నిలబడి, తెల్లవారుజామున, ఇంటి వెనక. కాలిస్తేనే గదా పోయినవాడు పోయేది? మూట విప్పి చూడలేదు, నా బుద్ధి గడ్డి తింది. మరి ఆ రోజు నేను కాల్చిందేంటి?"

ఆ చప్పుడు, ఆ వెచ్చటి ఇనుము, ఆ తడిసిన చొక్కా, అన్నీ ఎరిన్మాకి ఒక్కసారి అర్థమయ్యాయి.

ఇద్దరూ రోడ్డువారకి నడిచారు. కూతురికి అంత దుకాణం ఉన్నా అహుదియా పొయ్యి వదల్లేదు. పొద్దుటి గారెలైపోయి మూకుడు తోముతోంది. ఒంటి మీద అదే జాకెట్టు, ఎరిన్మా కుట్టిన మొదటిది, ఉతికి ఉతికి ఏ రంగో తెలియకుండా పోయింది. ఆడపడుచు మొహం చూడగానే చేతిలో పీచు పక్కన పెట్టింది.

"తెలిసిపోయిందా వదినా?"

"ఏం కాల్చాం మేము, అహుదియా?"

"నా పెళ్ళి బట్ట." అహుదియా తలెత్తలేదు. "ఆయన కొన్న ఎర్ర పువ్వులది. అది మూటలో కట్టి మీకిచ్చాను."

"నీకు మతి ఉందా అసలు? పెళ్ళి బట్ట కాల్చి చావు బట్ట దాచుకుంటారా ఎవరైనా?"

"పెళ్ళి బట్టలో ఆయన లేడు వదినా. దీన్లో ఉన్నాడు. ఏడాది ఒంటి మీద మోశాను, నాకు తెలీదా?" అహుదియా మూకుడు పక్కకి జరిపింది. "మీరంతా కాల్చేసి మీ ఇళ్ళకి మీరు వెళ్ళిపోతారు. పిల్ల చిన్నది. మిషను ముందు కూర్చునే దిక్కు లేదు. పిల్లకి చెయ్యి తిరిగేదాకా పక్కన కూర్చోవయ్యా అని ఆయన్ని అడిగాను. కూర్చున్నాడు. ఎన్నడైనా నా మాట కాదన్నాడా?"

"చెయ్యి తిరిగి ఎన్నేళ్ళైందే? ఇంకా కూర్చోబెట్టావేం?"

అహుదియా మసి చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా," అంది ఎరిన్మా, "నాన్న ఇల్లు చేరాలంటున్నాడు. అలిసిపోయాడమ్మా."

ఉగోయె అత్త నేతగత్తె, లెక్క నేతగత్తెలాగే చెప్పింది. నడుమ ముక్కలు ఎంతమంది కాలర్లలోకి పోయినా చింత లేదు, వాటికి వేరు లేదు. గుడ్డకి మొదలూ చివరా ఉన్నంతకాలం గుడ్డ ఉన్నట్టే. చివర ఒలాచి కాలరులో ఉంది. మొదలు అహుదియా జాకెట్టులో ఉంది. రెండూ కలిపి కాల్చాలి, పెళ్ళిలోపు.

అహుదియా కాలరు గుప్పిట్లో పట్టుకుంది. "ఇది ఇవ్వను."

"ఇవ్వకపోతే ఎలాగే?"

"ఆయన వెళ్ళిపోతే దీని చెయ్యి కూడా పోతే? ఎవరి దగ్గరా నేర్చుకోలేదు వదినా ఇది. దుకాణం, అంతమంది బతుకులు, అన్నీ ఆ చేతి మీద నిలబడ్డాయి."

ఎరిన్మా భయం కూడా అదే. నాన్నని పంపితే తనేమిటి? బడి సంచులు మోసుకు తిరిగిన పిల్ల, అంతకు మించి ఏముంది తన దగ్గర?

చివరికి అహుదియాయే లేచింది. "పద దుకాణానికి. ఆ పెళ్ళి కాలరు విప్పి, కొత్తది నా ముందు కుట్టు. ఆయన్ని పక్కన కూర్చోవద్దని నేను చెప్తాను. తిన్నగా వస్తే, ఇస్తాను."

దుకాణంలో అహుదియా మూల మిషను మీద దుప్పటి తీసింది. దాని చెక్క మీద చెయ్యి వేసి ఏదో గొణిగింది, పెనిమిటితో పడకగదిలో మాట్లాడినట్టు. తరవాత కూతుర్ని కూర్చోమంది. ఎరిన్మా పాదం పలక మీద పెట్టింది. ఇనుము చల్లగా ఉంది. ఇన్నేళ్ళలో అది అంత చల్లగా ఎప్పుడూ తగల్లేదు. చక్రం తిప్పింది. గుడ్డ బరువుగా కదిలింది. సూది ఎటు పోతోందో చేతికి తెలియలేదు, కళ్ళతో వెంటపడాల్సి వచ్చింది. పక్కనెవరూ లేరు. చెవుల్లో తన ఊపిరే వినపడుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకుంది. కాలరు మలుపు దగ్గర కుట్టు పక్కకి జారింది. కొంచెం కాదు, గుడ్డివాళ్ళకి కూడా తెలిసేంత.

పూర్తి చేసి తల్లి చేతికిచ్చింది.

అహుదియా కుట్టు వెంబడి బొటనవేలు నడిపించింది. మలుపు దగ్గర వేలు ఆగింది. దర్జీకి పెళ్ళామై బతికిన మనిషి, ఆమెకి తెలియకపోవడమేమిటి?

"తిన్నగానే ఉంది" అంది.

ఉగోయె అత్త కాలరు తీసుకుని తనూ వేలు నడిపించింది. మరదలి మొహంవైపు చూసింది. కాలరు తిరిగి ఇచ్చేసింది.

అహుదియా తెర వెనక్కి వెళ్ళి జాకెట్టు విప్పి, కూతురి కొత్త జాకెట్టొకటి తొడుక్కుని వచ్చింది. పాతదాన్ని మడత పెట్టి ఆడపడుచు ఒళ్ళో ఉంచింది. "వదినా, ఈసారి మూట విప్పి చూసుకో" అంది, నవ్వబోయి.

మర్నాడు తెల్లవారుజామున ఇంటి వెనక మొదలూ చివరా కలిపి కాల్చారు. పిడికెడు గుడ్డ, ఎంతసేపు కాలుతుంది? పొగ ఒకటే కాస్త నిలబడింది. అహుదియా ఆ పొగనే చూస్తూ, "జాగ్రత్తగా వెళ్ళు" అంది. దారి తెలిసినవాడికి చెప్పినట్టు మామూలుగా అంది. తరవాత వెళ్ళి అలసందలు నానబోసింది.

ఆ మధ్యాహ్నం వాన పట్టింది, కరెంటు పోయింది. మిషన్లన్నీ ఆగాయి. ఎరిన్మా కదలకుండా నిలబడి విన్నది. రేకుల మీద వాన, ఎక్కడో మేక అరుపు, ఇంకేమీ లేదు. ఎంత చెవి రిక్కించినా లేదు. అన్నాళ్ళూ భయపెట్టిన చప్పుడు కోసం అప్పుడు ప్రాణం కొట్టుకుపోయింది. మిషను మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది.

అక్కడే కూర్చుని, కన్నీళ్ళు లేసు మీద పడకుండా పక్కకి తిరిగి తుడుచుకుని, ఒలాచి కాలరులో తను కుట్టిన వంకర కుట్టు విప్పింది. మళ్ళీ కుట్టింది. మళ్ళీ జారింది. మళ్ళీ విప్పింది.

బోనిఫేస్ జనరేటరు తాడు లాగడానికి వెళ్తూ ఆమె భుజం మీంచి తొంగిచూశాడు.

"ఇదేంటి మేడమ్, ఇవాళ కొత్తగా పనిలో చేరినవాళ్ళలా కుడుతున్నారు?"

"ఇవాళే చేరాను" అంది ఎరిన్మా, సూది మీంచి కళ్ళు తియ్యకుండా. "ఆ కిటికీ కాస్త బార్లా తియ్యి, వెలుతురు చాలట్లేదు."